మానవీయ శాస్త్రాల్లో పీహెచ్‌డీకి దరఖాస్తు చేయడం ఎలా: చెన్నైలోని తెలుగు విద్యార్థులకు

దరఖాస్తు రుసుము చెల్లించే ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీరు చేయదలచిన పరిశోధనకు ఆ విభాగంలో గైడు ఉన్నారా, ఉంటే ఆయన దగ్గర ఈ ఏడాది ఖాళీ ఉందా? ఈ ప్రశ్నను సకాలంలో అడగకపోవడం వల్ల నాకు ఒక సంవత్సరం పోయింది. చెన్నైలో తెలుగు ఎం.ఏ. పూర్తిచేసి, వేరే రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టి, ప్రవేశపరీక్షలో నెగ్గి, ఇంటర్వ్యూ కోసం సెంట్రల్‌లో రాత్రి రైలెక్కి వెళ్లాను. ఇంటర్వ్యూ బాగానే జరిగింది. చివర్లో ఒక సభ్యురాలు మెల్లగా, "మీ అంశం చూడగలిగిన ఆచార్యులు వచ్చే ఏడాది రిటైరవుతున్నారమ్మా, ఆయన కొత్త విద్యార్థులను తీసుకోవడం లేదు, మీకెవరూ చెప్పలేదా?" అని అడిగారు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తిరుగు ప్రయాణంలో నాకు ఎక్కువ బాధ కలిగించినది సీటు రాకపోవడం కాదు. రాదన్న సంగతి నేను బయల్దేరక ముందే అక్కడ ఒకరిద్దరికి తెలిసి ఉండటం.

ఆ తర్వాత రెండో ఏడాదీ ఫలించలేదు, మూడో ఏడాది ప్రవేశం దొరికింది. ఇప్పుడు మా వీధి చుట్టుపక్కల నుంచీ, తెలిసినవాళ్ల ద్వారానూ, "అక్కా, దరఖాస్తు ఎలా చేయాలి?" అని అడుగుతూ వచ్చే పిల్లలకు నేను చెప్పే క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్రశ్నను చిన్నది చేయండి

చాలామంది పరీక్ష పుస్తకాలతో మొదలుపెడతారు. మీరు ప్రశ్నతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఏ గైడు దగ్గరికి వెళ్లాలి, ఏ విశ్వవిద్యాలయం, ఏ ఊరు అన్నవన్నీ ఆ ప్రశ్నను బట్టే తేలుతాయి. "ఆధునిక తెలుగు సాహిత్యంలో స్త్రీ" అని రాసుకుని వచ్చినవాళ్లను నేను ఎందరినో చూశాను. అది ప్రశ్న కాదు, ఒక అలమారా మీద అంటించిన చీటీ. దాన్ని ఎలా కుదించాలో మన ఊరి ఉదాహరణతోనే చూద్దాం.

డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి అనే మాసపత్రికను ప్రారంభించారు. ఆయన వైద్యులు, స్త్రీల వ్యాధులకు తయారుచేసిన లోధ్ర అనే మందుతో పేరూ ధనమూ గడించారు, రాయపేటలోని కేసరి కుటీరం పేరు పాత మద్రాసు తెలుగువాళ్లకు తెలిసినదే. ఇప్పుడు మీ అంశాన్ని మొదట "మద్రాసు నుంచి వెలువడిన తెలుగు స్త్రీల పత్రికలు" అని కుదించండి. అప్పటికీ అది పెద్దదే. ఇంకొక మెట్టు దిగి ఇలా అడగండి: మందు తయారుచేసే వ్యక్తే పత్రికను కూడా నడుపుతున్నప్పుడు, స్త్రీల ఆరోగ్యం గురించి ఆ పత్రికలో వచ్చే వ్యాసానికీ, ప్రకటనకీ మధ్య గీత ఎక్కడ ఉంది? దీనికి జవాబు మీకు తెలియదు, నాకూ తెలియదు. సంచికలు ముందు పెట్టుకుని పుటపుటా తిరగేస్తే తప్ప తేలదు. పరిశోధన ప్రశ్న అంటే ఇలా ఉండాలి. ఈ అంశాన్నే తీసుకోమని నేను అనడం లేదు. మీ అంశాన్ని కూడా ఇంత దూరం దించమంటున్నాను.

ప్రశ్న దొరికిన వెంటనే ఆధారాలు ఎక్కడున్నాయో స్వయంగా వెళ్లి చూడండి. ఈ విషయంలో చెన్నైలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం 1896 నుంచి ఉంది, దేశంలో ప్రచురితమయ్యే పుస్తకాలను జమచేయవలసిన గ్రంథాలయాల్లో అదొకటి. అదే ఎగ్మూరులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు ఉన్నాయి; 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాల పరిపాలన ఇక్కడి నుంచే సాగింది కనుక అవి మన చరిత్రకు కూడా ఆధారాలే. కోట్టూరుపురంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో కల్నల్ మెకంజీ సేకరించిన కైఫీయతులూ (ఊళ్ల చరిత్రల రాతలు), సి.పి. బ్రౌను సేకరించిన తెలుగు రాతప్రతులూ ఉన్నాయి. అడయారులో దివ్యజ్ఞాన సమాజం 1886లో నెలకొల్పిన గ్రంథాలయం ఉంది. పాత తెలుగు పత్రికల కోసం అవసరమైతే వేటపాలెం సారస్వత నికేతనానికీ, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రానికీ వెళ్లవలసి ఉంటుంది. ఏ సంచికలు ఉన్నాయి, ఏవి లేవు, ఏవి ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి అన్నవన్నీ ఒక నోటుపుస్తకంలో తేదీలతో రాసుకోండి. ఆ నోటుపుస్తకంలోని రెండు పుటలు మీ ప్రతిపాదనకు తెచ్చే బలాన్ని ఏ సిద్ధాంతకర్త పేరూ తేలేదు, ఎందుకంటే ఈ విద్యార్థి అప్పుడే పని మొదలుపెట్టాడని కమిటీకి అర్థమవుతుంది.

గైడు దగ్గర ఖాళీ

ఇది అందరికీ తెలియవలసిన లెక్క. యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2022 నవంబరులో వెలువరించిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసరు ఒకే సమయంలో ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి పర్యవేక్షించకూడదు. పదవీవిరమణకు మూడేళ్లకన్నా తక్కువ సర్వీసు మిగిలినవారు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఎన్నో విభాగాల్లో ఏళ్ల తరబడి నియామకాలు లేవు. ఇద్దరే అధ్యాపకులున్న విభాగంలో ఒకరు రిటైర్మెంటుకు దగ్గరపడితే, రెండోవారి దగ్గర ఉన్న పాత విద్యార్థులు సిద్ధాంత గ్రంథం సమర్పించేదాకా ఒక్క సీటూ రాదు. మీరు ఎన్ని మార్కులు తెచ్చుకున్నా ఈ లెక్క మారదు, కాబట్టి దాన్ని ముందే తెలుసుకోవడం మీ బాధ్యత.

ఎలా తెలుసుకోవాలి? సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో ఆ ఆచార్యుల పర్యవేక్షణలో ఇటీవల వచ్చిన సిద్ధాంత గ్రంథాలు వెతకండి. రెండు మూడు దించుకుని కనీసం పీఠికా, ఒక అధ్యాయమూ చదవండి. మీ ప్రశ్న ఆయనకు ఆసక్తి కలిగించేదో కాదో అందులోనే తెలిసిపోతుంది. తర్వాత ఒక చిన్న మెయిల్ రాయండి. నేను పిల్లలకు ఇచ్చే నమూనా ఇది:

"నమస్కారమండీ. నేను చెన్నైలో తెలుగు ఎం.ఏ. పూర్తిచేశాను. ఫలానా పత్రికలో ఫలానా కాలంలో వచ్చిన వైద్య ప్రకటనల మీద పనిచేయాలనుకుంటున్నాను. ఇప్పటివరకు ఇన్ని సంచికలు చూశాను. మీ పర్యవేక్షణలో వచ్చిన ఫలానా సిద్ధాంత గ్రంథంలోని మూడో అధ్యాయం ఈ ప్రశ్నకు దగ్గరగా ఉందనిపించింది. ఈ విద్యాసంవత్సరంలో మీ దగ్గర ఖాళీ ఉందా, ఈ అంశం మీకు సమ్మతమేనా అన్నది తెలియజేయగలరని కోరుతున్నాను. ఒక పుట ప్రతిపాదన జతచేశాను."

ఇంతే చాలు. పొగడ్తలు వద్దు, మీ జీవితకథ వద్దు. ఒకే మెయిల్‌ను పదిమందికి పంపకండి. వాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ జవాబు రాకపోతే విభాగం ఆఫీసుకు ఫోన్ చేసి, ఈ ఏడాది ఏ గైడు కింద ఎన్ని ఖాళీలు ప్రకటించారో అడగండి. జవాబు ఇవ్వని ఆచార్యుల మీద నాకు ఒకప్పుడు కోపం ఉండేది. వాళ్లకు వచ్చే మెయిళ్లు ఎన్నో తెలిశాక ఆ కోపం కొంత తగ్గింది. ఖాళీ లేదని ఒక్క ముక్క రాస్తే ఒక కుటుంబానికి ఎంత ఖర్చు, ఎంత ఎదురుచూపు తప్పుతాయో వాళ్లు ఆలోచించాలన్న కోరిక మాత్రం ఇప్పటికీ ఉంది.

పరీక్షలు

ఎం.ఏ.కి వెళ్లేవాళ్లకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో 2022 నుంచి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష ఉంది. తప్పు జవాబుకు ఒక మార్కు కోత పడుతుంది. పీహెచ్‌డీకి యూజీసీ నెట్ ముఖ్యం. ఏడాదికి రెండుసార్లు జూన్, డిసెంబరు విడతల్లో జరుగుతుంది, తప్పు జవాబుకు కోత లేదు కాబట్టి ఏ ప్రశ్ననూ వదలకండి. 2024 జూన్ విడత నుంచి ఫలితాలను మూడు వర్గాలుగా ప్రకటిస్తున్నారు: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పొందినవాళ్లు, అసిస్టెంట్ ప్రొఫెసరు అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులైనవాళ్లు, ప్రవేశానికి మాత్రమే అర్హులైనవాళ్లు. రెండు, మూడు వర్గాలవాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆ మార్కులు ప్రవేశానికి ఒక సంవత్సరమే చెల్లుతాయి. ఆ ఒక్క సంవత్సరం గడువును క్యాలెండరులో ఎర్రగా గుర్తుపెట్టుకోండి. ఇంగ్లీషు, భాషాశాస్త్రం, తత్త్వశాస్త్రం వైపు వెళ్లేవాళ్లకు 2021లో మొదలైన గేట్ మానవీయ శాస్త్రాల పేపరు ఇంకొక దారి.

ఒకే పరీక్ష మీద ఏడాదినంతా ఆనించకండి. 2024లో జూన్ 18న లక్షలాది మంది రాసిన నెట్‌ను మరుసటి రోజే రద్దు చేసి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మళ్లీ పెట్టారు. ఆ రెండు నెలలు కొత్త తేదీ కోసం ఎదురుచూడటంతోనే సరిపెట్టుకున్నవాళ్లకూ, ఆ సమయంలో ప్రతిపాదన తిరగరాసుకున్నవాళ్లకూ తర్వాత ఇంటర్వ్యూల్లో తేడా కనిపించింది. నా దగ్గరికి వచ్చినవాళ్లలోనే నేనది చూశాను.

పేరు, ఇనిషియలు, సర్టిఫికెట్లు

చెన్నై తెలుగు కుటుంబాలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఆంధ్రలో ఇనిషియలు అంటే ఇంటిపేరు, తమిళనాడులో తండ్రి పేరు. మన పిల్లలకు బడిలో తండ్రి పేరు ఇనిషియలుగా పడుతుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు విడమరచి రాస్తారు, ఆధార్‌లో ఇంకొక తీరుగా ఉంటుంది. పదో తరగతి మార్కుల జాబితా, డిగ్రీ, ఆధార్, పాస్‌పోర్టు నాలుగింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఇంగ్లీషు స్పెల్లింగు అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే దరఖాస్తు తెరవకముందే సరిచేసుకోండి. కొన్నిచోట్ల నోటరీ అఫిడవిట్ చాలు, కొన్నిచోట్ల గెజెట్ ప్రకటన అడుగుతారు, దానికి సమయం పడుతుంది.

ఓబీసీ రిజర్వేషను కోరేవాళ్లు మరొక జాగ్రత్త తీసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో సరిపోదు. కేంద్ర నమూనాలో, క్రీమీలేయరు కానట్టు, ఆ ఆర్థిక సంవత్సరానికి చెందినది కావాలి. పైగా కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. తాతల కాలంలో నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చి స్థిరపడిన కుటుంబమైతే, మీ కులం తమిళనాడు పట్టికలో ఏ పేరుతో ఉందో ముందుగా చూసుకోండి. ట్రాన్‌స్క్రిప్టు, ప్రొవిజనల్, మైగ్రేషన్ కాగితాలకు కనీసం మూడు నెలల ముందు దరఖాస్తు పెట్టండి. నాకు ట్రాన్‌స్క్రిప్టు చేతికందేసరికి రెండు గడువులు దాటిపోయాయి, కౌంటరులో ఉన్నవాళ్లను తప్పుపట్టి లాభం లేదు, అక్కడ ఒక్క మనిషే ఉన్నారు.

సిఫారసు లేఖలు

విదేశీ విశ్వవిద్యాలయాలు మూడు లేఖలు అడుగుతాయి, మనదేశంలోనూ కొన్నిచోట్ల అడుగుతున్నారు. మన దగ్గర గురువులు తరచూ, "నువ్వే రాసుకుని రా, సంతకం పెడతాను" అంటారు. పని ఒత్తిడి వల్ల, ఇంగ్లీషులో రాయడానికి మొహమాటం వల్ల అలా అంటారు తప్ప అందులో చెడ్డ ఉద్దేశం లేదు. అయినా ఒప్పుకోకండి. మూడు లేఖలూ ఒకే చేతి రాతగా ఉన్నాయని చదివేవాళ్లకు రెండో పేరాకే తెలిసిపోతుంది, అప్పుడు మిగతా దరఖాస్తు మీద కూడా నమ్మకం పోతుంది. కాదన్నట్టు కాకుండా ఇలా చెప్పండి: "మీకు శ్రమ లేకుండా వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి తెస్తానండీ, మాట మాత్రం మీదే కావాలి." ఆ కాగితంలో మీరు వారి దగ్గర ఏ పేపరు చదివారు, ఏ అంశం మీద సెమినారు వ్యాసం రాశారు, దాని మీద వారు చెప్పిన విమర్శ ఏమిటి, ఆ విమర్శ తర్వాత మీరు ఏం మార్చారు అన్నవి ఉండాలి. ఆఖరిది అన్నిటికన్నా విలువైనది. గడువుకు ఆరు వారాల ముందే వెళ్లి అడగండి. లింకు వారి మెయిల్‌లో స్పామ్‌కు పోయిందేమో చూడమని మర్యాదగా గుర్తుచేయండి. పేరున్న పెద్దాయన మీ ముఖం గుర్తులేకుండా రాసిన లేఖకన్నా, మీ వ్యాసాన్ని ఎర్రసిరాతో దిద్దిన అసిస్టెంట్ ప్రొఫెసరు రాసిన లేఖ ఎంతో మేలు.

విదేశానికైతే

అమెరికాలో చాలా విభాగాల గడువు డిసెంబరులోనే ముగుస్తుంది. ఉద్దేశ ప్రకటన (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) రెండు పుటలు, రచనా నమూనా సాధారణంగా పదిహేను నుంచి పాతిక పుటలు అడుగుతారు. మానవీయ విభాగాల్లో జీఆర్‌ఈ అనే ప్రవేశపరీక్షను చాలాచోట్ల తీసేశారు. తెలుగులో చదివినవాళ్లకు రచనా నమూనా దగ్గరే గుండె జారుతుంది. తెలుగు వ్యాసాన్ని వాక్యం తర్వాత వాక్యంగా ఇంగ్లీషులోకి మార్చకండి. అదే వాదాన్ని తెలుగు తెలియని పాఠకుడి కోసం మొదటి నుంచి మళ్లీ రాయండి. పద్యాలు ఉదహరిస్తే రోమన్ లిపిలో ఒకే పద్ధతిని చివరిదాకా పాటించండి, అనువాదం మీదే అయితే ఆ మాట చెప్పండి. దీనికి నాలుగు నెలలు పడుతుంది. ఉద్దేశ ప్రకటనను "చిన్నప్పటి నుంచి నాకు సాహిత్యమంటే ఇష్టం" అని మొదలుపెట్టకండి. పైన చెప్పిన ప్రశ్నతో మొదలుపెట్టండి.

ఒక్కో దరఖాస్తుకు సుమారు 75 నుంచి 125 డాలర్లు అవుతుంది. రుసుము మినహాయింపు ఉందేమో అడగడానికి సిగ్గుపడకండి, అడిగితే ఇచ్చే చోట్లున్నాయి. అసలు ఈ ఏడాది ప్రవేశాలు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. 2024 నవంబరులో బాస్టన్ విశ్వవిద్యాలయం పలు మానవీయ, సామాజిక శాస్త్ర విభాగాల్లో తర్వాతి ఏడాది పీహెచ్‌డీ ప్రవేశాలు ఆపింది. 2025 ఆగస్టులో షికాగో విశ్వవిద్యాలయం కూడా పలు మానవీయ విభాగాల్లో 2026-27 ప్రవేశాలు నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి ఏడాదిలో వచ్చిన తిరస్కరణకూ మీ వ్యాసానికీ సంబంధం ఉండదు.

ఇంట్లో చెప్పడం, డబ్బు లెక్క

"తెలుగులో పీహెచ్‌డీ చేసి ఏం చేస్తావమ్మా?" అన్న ప్రశ్న షావుకారుపేటలోనూ, పెరంబూరులోనూ, అంబత్తూరులోనూ ఒకే తీరుగా వినిపిస్తుంది. అది అడిగేవాళ్లకు మీ మీద ప్రేమ ఉంది, భయమూ ఉంది. దానికి అంకెలతో జవాబు చెప్పండి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ లేకుండా చేరితే 8,000. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో ఇంట్లో దాచకుండా చెప్పండి. కోర్సు కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లలోపు ముగించాలి. నేను మా నాన్నగారి ముందు ఒక కాగితం పెట్టాను: రెండు విడతలు ప్రయత్నిస్తాను, ఈలోగా అనువాదాలు చేసి నా ఖర్చు నేను చూసుకుంటాను అని. మూడో విడత ఆయనే అడిగి పెట్టించారు.

జవాబు వచ్చాక

తిరస్కరణ వస్తే ఒక వారం ఏ నిర్ణయమూ తీసుకోకండి. తర్వాత విభాగానికి ఒక మెయిల్ రాసి, కారణం ఖాళీ లేకపోవడమా, ప్రతిపాదనా, ఇంటర్వ్యూయా అని అడగండి. సగంమంది చెప్పరు, చెప్పిన సగంమంది మాట పనికొస్తుంది. మొదటిదైతే ప్రతిపాదనలో ఒక్క అక్షరం మార్చకుండా మరో చోటుకు పంపండి. మంచి ప్రతిపాదనను ఒక్క తిరస్కరణకే చింపేసినవాళ్లను చూస్తే నాకు నిజంగా దుఃఖం కలుగుతుంది. రెండోదైతే మళ్లీ కన్నెమరాకు వెళ్లండి. నా ప్రశ్న మారింది ఆ రెండో ఏడాది అక్కడ కూర్చున్నప్పుడే.

వెయిటింగ్ లిస్టులో ఉంటే ఆశ వదలకండి. అమెరికాలో నిధులతో కూడిన ప్రవేశాలకు చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 దాకా విద్యార్థికి వ్యవధి ఇస్తాయి కనుక ఆ తేదీ చుట్టూ సీట్లు కదులుతాయి. మన దగ్గర మొదటి జాబితాలో వచ్చినవాళ్లు వేరేచోట చేరినప్పుడు కదులుతాయి. ఒకచోట చేరి, తర్వాత మీరు కోరుకున్న చోట పిలుపు వస్తే అసలు సర్టిఫికెట్లు ఇవ్వబోమని ఎవరైనా అంటే, విద్యాసంస్థలు వాటిని అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో ఇచ్చిన ప్రకటన ప్రతిని చూపించండి. చేరే రోజున అసలు కాగితాలు పరిశీలనకు చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి, ధ్రువీకరించిన నకళ్ల కట్ట మాత్రం రెండు ఎక్కువే పట్టుకెళ్లండి.